నిరుద్యోగము, ఉపాధి అన్వేషణము: కృష్ణా డెల్టా

నిర్వచనము

పని చేయుటకు శక్తియు సంసిద్ధతయు కలిగి, వాడుకలోనున్న వేతనమునకు పనిని వెదకుచున్నను దానిని పొందజాలని స్థితికి అర్థశాస్త్రమున నిరుద్యోగమని పేరు. సంస్కృతమున 'ఉద్యోగ' శబ్దమునకు పూనిక, ప్రయత్నము అను అర్థములుండగా, తెలుగున అది నెలజీతముపై చేయు కొలువు అను అర్థమునకు కుదించుకొనిపోయినది. 'ఉద్యోగం పురుషలక్షణం' అను సామెతను నేడు పలుకువారెవరును పూనికను గూర్చి పలుకుట లేదు. ఈ అర్థసంకోచము కేవలము భాషావిషయము కాదు. విజయవాడలో డిగ్రీ ముగించి పోటీ పరీక్షలకు చదువుచున్న యువకుడు తాను నిరుద్యోగినని చెప్పుకొనును. అవనిగడ్డ ప్రాంతమున ఊడ్పులు ముగిసి ఇంటనున్న కూలి స్త్రీ 'పనుల్లేవు' అనునే గాని తాను నిరుద్యోగినని అనదు. మొదటివానిది రాని కొలువుకై నిరీక్షణము. రెండవయామెది వచ్చిపోవు పనుల నడిమి ఖాళీ. రెండును ఒకే పేరున లెక్కింపబడినను వాని కారణములు వేరు, ఉపశమనములు వేరు. ఒకదానికై ఏర్పడిన సంస్థ రెండవదానికి సాధారణముగ ఉపకరింపదు.

గణన విధానము

భారతదేశమున నిరుద్యోగ గణనకు నేటి రూపమిచ్చినది 1970లో దంత్‌వాలా అధ్యక్షతన నివేదిక సమర్పించిన నిపుణుల సంఘము. వ్యవసాయ ప్రధానమైన దేశమున ఒకే అంకెతో నిరుద్యోగమును కొలుచుట పొసగదని ఆ సంఘము అభిప్రాయపడగా, 1972–73 నాటి జాతీయ నమూనా సర్వేక్షణము మొదలుకొని సాధారణ స్థితి, వారపు స్థితి, దినస్థితి అను వేర్వేరు కొలతలు అమలునకు వచ్చినవి. 2017 ఏప్రిల్ నుండి శ్రామికశక్తిపై నియతకాలిక సర్వేక్షణము జరుగుచున్నది. వారపు స్థితి ననుసరించి, సర్వేక్షణమునకు ముందటి ఏడు దినములలో ఏదో యొక దినమున ఒక గంటయైనను పని చేసినవాడు ఉపాధి కలవాడే. కావున వారమునకు రెండు దినములు మాత్రమే పని దొరకు తాపీ కూలి ఈ అంకెలలో నిరుద్యోగిగా కనబడడు. తండ్రి జీతముపై నిశ్చింతగ మూడేండ్లు చదువుకొను పట్టభద్రుడు, పని వెదకుచున్నట్లు చెప్పినచో, కనబడును. అంకెలను చదువువారు ఈ సంగతిని మరువరాదు.

చరిత్ర

1855లో బెజవాడ (నేటి విజయవాడ) వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తియగుటతో డెల్టా గ్రామములలో వరి ప్రధానమై, పనులు కాలువ నీటి రాకపోకలకు కట్టుబడినవి (చూ. ప్రకాశం బ్యారేజి). ఏలూరు, రైవస్, బందరు కాలువల క్రింద తొలకరికి నారు పోయుట, ఊడ్పులు, కలుపుతీత, కోత, కుప్పనూర్పిడి అను క్రమము స్థిరపడి, ఏడాదిలో కొన్ని వారములు మనుష్యులు చాలక, మరికొన్ని మాసములు పనులు చాలక ఉండు పరిస్థితి యేర్పడినది. 1893లో కృష్ణపై రైలు వంతెన పూర్తియైన పిమ్మట బెజవాడ మద్రాసు, కలకత్తా మార్గములకు కూడలియై, రైల్వే కొలువు అను నూతన ఆకర్షణము గ్రామములకు దగ్గరైనది.

చదివినవారి నిరుద్యోగము మొదట మద్రాసు రాష్ట్రమున ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో చర్చకు వచ్చినది. గుమాస్తాలను తయారుచేయు విద్యకు ప్రతిగా చేతిపనులను విద్యలో చేర్చవలెనను తలంపుతో, కోపల్లె హనుమంతరావు ప్రభృతుల కృషి వలన 1910లో బందరున (మచిలీపట్నమున) ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపింపబడినది. 1926లో మద్రాసు ప్రభుత్వము మధ్యతరగతి నిరుద్యోగమును విచారించుటకు ఒక సంఘమును నియమించినది.

స్వాతంత్ర్యానంతరము విజయవాడ వర్తకమునకును, మోటారు పరిశ్రమకును, ముద్రణకును కేంద్రమయ్యెను. 1952లో పాత ఆనకట్టకు గండి పడగా, 1957 నాటికి క్రొత్త బ్యారేజి పూర్తియై సేద్యము నిలద్రొక్కుకొన్నది. ఉయ్యూరు చక్కెర కర్మాగారము వంటివి ఋతువారీ పనిని సమకూర్చినవి. 1977లో సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల వెలసిన తరువాతి దశకములలో ప్రైవేటు సాంకేతిక విద్య విస్తరించి, పట్టములు పెరిగినంతగా ఈ ప్రాంతమున కొలువులు పెరుగకపోవుటచే, డెల్టా యువకులు హైదరాబాదు, బెంగుళూరు, అమెరికాలకు వలసపోవుట రివాజైనది. 2014 రాష్ట్ర విభజన పిమ్మట అమరావతి నిర్మాణము, కేసరపల్లిలో సమాచార సాంకేతిక సంస్థలు, 2025లో మల్లవల్లి పారిశ్రామికవాడలో ప్రారంభమైన అశోక్ లేలాండ్ బస్సుల కర్మాగారము ఈ ప్రవాహమును కొంత స్థానికముగ నిలుపు ప్రయత్నములు. 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా విభజింపబడి విజయవాడ ఎన్.టి.ఆర్. జిల్లాకును, మచిలీపట్నము కృష్ణా జిల్లాకును కేంద్రములైనవి. కైకలూరు ప్రాంతము ఏలూరు జిల్లాలో చేరినది.

రకములు

ఋతుబద్ధ నిరుద్యోగము. డెల్టా స్వభావమునకు మిక్కిలి సన్నిహితమైనది ఇది. సార్వా (తొలిపంట) ఊడ్పులు జులై, ఆగస్టు మాసములలోను, కోతలు నవంబరు, డిసెంబరులలోను జరుగును. ఊడ్పుల దినములలో ఒక మేస్త్రీ చేతి క్రింద పది, పదునైదుగురు స్త్రీలు ముఠాగ నేర్పడి ఎకరమునకింతయని గుత్తకు కుదుర్చుకొని, తెల్లవారకమునుపే ఆటోలో పొలమునకు చేరి, మగవారు పీకి కట్టలు కట్టి విసరిన నారును నడుము వంచి నాటుచు మధ్యాహ్నమునకు ఒక చేను ముగించి మరియొక చేనికి పోవుదురు. ఆ పక్షము దినములలో రైతు కూలికై తిరుగును. తరువాతి నెలలలో కూలి రైతుకై తిరుగవలసి వచ్చును. కోతకు ముందే నిలిచియున్న వరిలో మినుము చల్లు డెల్టా పద్ధతి నేలయందలి తేమను సద్వినియోగపరచునే గాని, చేను తీయు దినము వరకు పెద్దగ మనుష్యులను కోరదు. వరికోత యంత్రములు వచ్చిన పిమ్మట కోత, కుప్పనూర్పిళ్ల పని చాలవరకు అంతరించినది. పూర్వము నెలపాటు సాగినది నేడు గంటల లెక్కన ముగియుచున్నది. కైకలూరు, మండవల్లి ప్రాంతములలో వరిచేలు చేపల చెరువులైన చోట్ల కాపలాకు, మేతకు, పట్టుబడికి కొలదిమంది మగవారు చాలుటచే స్త్రీల పని విశేషముగ తగ్గినది. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు గుంటూరు మిరపకోతలకు పోవుటయు, నూజివీడు తోటలలోను నున్న మార్కెట్టులోను మామిడికాయలు కోసి, ఏరి, పెట్టెలకెత్తు పనికి పోవుటయు ఈ ఖాళీని పూరించు పాత మార్గములు.

నిరీక్షణ నిరుద్యోగము. ప్రభుత్వ కొలువుకై ఏండ్ల తరబడి వేచియుండుట దీని లక్షణము. 2018 తరువాత ఉపాధ్యాయ నియామకములకు పెద్ద ప్రకటన 2025లో, 16,347 కొలువులకు, వెలువడినది. నడుమ గడచిన ఏడు సంవత్సరములలో బి.ఎడ్. ముగించినవారందరును ఒకేసారి పోటీకి దిగిరి. దీనికి భిన్నముగ 2019లో గ్రామ, వార్డు సచివాలయములకు 1 లక్ష 20 వేలకు పైగా కొలువులు ఒక్క విడతలో భర్తీకి వచ్చినవి. ప్రకటనలు ఇట్లు ఎప్పుడు వచ్చునో తెలియని తీరున వచ్చుటయే నిరీక్షణమును పొడిగించు ప్రధాన కారణము. అభ్యర్థి సోమరితనము కాదు.

ఆకస్మిక నిరుద్యోగము. 2019లో ఇసుక కొరతచే భవన నిర్మాణము స్తంభించుట, 2020 నాటి కోవిడ్ నిర్బంధము, 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతమును ముంచివేయుట ఇందుకు ఉదాహరణములు. ఈ చివరి సందర్భమున నీట మునిగిన క్రింది అంతస్తు గృహములకు ప్రభుత్వము 25,000 రూపాయల సహాయమును ప్రకటించినది.

నైపుణ్య క్షయము వలన గలుగు నిరుద్యోగము. 2020 ఏప్రిల్ నుండి నూతన కాలుష్య ప్రమాణముల వాహనములు వచ్చుటచే, చెవితో ఇంజను రోగమును గుర్తించు మెకానిక్కు స్కానరు పట్టుట నేర్చుకొనవలసివచ్చినది.

ఉపాధి కల్పనా కేంద్రములు

రెండవ ప్రపంచ యుద్ధమునుండి మరలిన సైనికులకు పని చూపుటకై 1945లో దేశమున ఉపాధి కేంద్రములు ఏర్పడెను. 1948లో అవి సర్వజనులకును అందుబాటులోనికి వచ్చెను. 1956లో వాని దైనందిన పరిపాలన రాష్ట్రములకు బదిలీయయ్యెను. 1959 నాటి ఖాళీల నిర్బంధ ప్రకటన చట్టము ప్రభుత్వ సంస్థలును, 25 మందికి తక్కువకాని పనివారుగల ప్రైవేటు సంస్థలును తమ ఖాళీలను ఉపాధి కేంద్రమునకు తెలుపవలెనని విధించినది. తెలుపవలెనని మాత్రమే గాని, కేంద్రము పంపినవారినే నియమించవలెనని కాదు.

నమోదైనవారికి ఇచ్చు గుర్తింపు పత్రము ఎక్స్-10 కార్డు. ఒక తరమువారికి ఇది పెట్టె అడుగున పట్టము సరసన భద్రపరచబడిన వస్తువు. నమోదు తేదీ ననుసరించి 'సీనియారిటీ' లెక్కింపబడును గనుకను, నియతకాలమున రెన్యువల్ చేయించనిచో అది పోవును గనుకను, మూడేండ్లకొక మారు కార్యాలయమునకు పోయి ముద్ర వేయించుకొనుట ఇంటిల్లిపాదియు గుర్తుంచుకొను పనిగ నుండెను. ఈ వ్యవస్థను మార్చిన తీర్పు కృష్ణా జిల్లా వివాదమునుండియే పుట్టినది. బందరు ఎక్సైజు సూపరింటెండెంటు కార్యాలయపు నియామకములకు సంబంధించి, ఉపాధి కేంద్రము పంపిన పేర్లకే ఎంపికను పరిమితము చేయరాదనియు, పత్రికలలోను, కార్యాలయ ప్రకటన ఫలకములపైనను, ఆకాశవాణి, దూరదర్శనములలోను ప్రకటించి, దరఖాస్తు పెట్టినవారిని కూడ పరిశీలింపవలెననియు 1996లో సుప్రీంకోర్టు చెప్పినది. దానితో కార్డు ఒక అర్హతగ గాక ఒక అదనపు ద్వారముగ మిగిలినది. 2015లో కేంద్ర ప్రభుత్వము జాతీయ వృత్తి సేవా పోర్టలును ప్రారంభించినది. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ జాబ్ మేళాలు జరుపుచున్నది.

ఉపాధి అన్వేషణ మార్గములు

అడ్డా. విజయవాడ కూడళ్లలో ఉదయము ఆరు గంటలనుండి తాపీ, పార, తట్ట, క్యారేజీ సంచులతో నిలుచు పనివారి గుంపునకు అడ్డా యని పేరు. మేస్త్రీ బండి ఆపగనే నలుగురైదుగురు చుట్టుముట్టుదురు. 'ఎంతమంది, ఏ పని, ఎక్కడ' అను మూడు మాటలలో బేరము తెగును. పది గంటలకును నిలిచియున్నవానికి ఆ పూట పని లేదు; ఆ వేళకు కుదిరిన పనికి కూలి తగ్గును. ఒకే అడ్డాను పట్టుకొనియుండుటయు, ఇద్దరు ముగ్గురు మేస్త్రీలకు ఫోను నంబరు ఇచ్చియుండుటయు, పని మొదలు పెట్టకముందే కూలియు, చెల్లింపు దినమును తేల్చుకొనుటయు అనుభవజ్ఞులు పాటించు పద్ధతులు. గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్టు, రైల్వే గూడ్సు షెడ్లవంటి చోట్ల ఎగుమతి దిగుమతులు ముఠా కార్మికుల చేతిలో నుండును. ఇచట క్రొత్తవాడు ముఠాలో చేరనిదే మూట ఎత్తజాలడు.

శిష్యరికము. విజయవాడలో మోటారు పనుల వాడయైన ఆటోనగర్‌లో ఉపాధి చాలవరకు ప్రకటన లేకయే జరుగును. లేతు పని, వెల్డింగు, కమాను కట్టల పని, బస్సు బాడీ కట్టుట, టింకరింగు, పెయింటింగు వేర్వేరు షెడ్లలో నుండును. తెలిసినవారి మాటపై హెల్పరుగ చేరినవాడు మొదట స్పానర్లు అందించుచు, సామాను కడుగుచు, స్వల్ప జీతముతో ఏండ్లు గడపి, మేస్త్రీ లేని ఒకనాడు తానే పని ముగించినప్పుడు మెకానిక్కగును. ఈ విద్యకు పత్రము లేదు. 1961 అప్రెంటిసుల చట్టము ప్రకారము ఐ.టి.ఐ. చదివినవారికి రైల్వే, ఆర్.టి.సి. వంటి సంస్థలలో లభించు శిక్షణకు జాతీయ ధ్రువపత్రము కలదు. శిక్షణ యిచ్చిన సంస్థ కొలువు ఇచ్చి తీరవలెనను నిర్బంధము లేకున్నను, రైల్వే తొలి స్థాయి కొలువులలో 20 శాతము తమ అప్రెంటిసులకు ప్రత్యేకింపబడినది. కావున ఆటోనగర్ అనుభవము కలవాడు ఐ.టి.ఐ. పత్రమును, ఐ.టి.ఐ. వాడు షెడ్డు అనుభవమును జత చేసికొనుట ఉభయులకు లాభకరము.

పరిచయము. డెల్టాలో ప్రైవేటు కొలువు విశేషభాగము బంధువుల, ఊరివారి, పూర్వ సహపాఠుల ద్వారా దొరకును. 'ఎక్కడైనా చూడన్నా' అని పొడిగ అడుగుటకంటె, తాను చేయగల పని ఏదో, ఎంత జీతమునకు, ఏ ఊరిలో చేయుటకు సిద్ధమో చెప్పి అడిగినవాని మాట అవతలివారికి గుర్తుండును. వినినవాడు మరియొకనికి చెప్పునది ఆ రెండు ముక్కలే.

పోటీ పరీక్షలు. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులును, కోచింగు కేంద్రములును ఈ మార్గమునకు గుర్తులు. గది అద్దె, మెస్సు, కోచింగు రుసుము కలసి కుటుంబమునకు భారమగును. పరీక్షకు ఎన్ని ప్రయత్నములు, ఏ వయస్సు వరకు అను హద్దును ముందే ఇంటివారితో కూర్చుండి నిర్ణయించుకొని, నడుమ ట్యూషనులో, లెక్కల పనిలో పాక్షికముగనైనను సంపాదించుచుండుట యుక్తము. ధ్రువపత్రముల పేర్లలో అక్షరభేదములు, కుల, స్థానికత పత్రముల లోపములు ఎంపిక తరువాత చిక్కులు తెచ్చును గాన పని లేని కాలముననే వానిని సరిచేయించుకొనవలెను. స్థానికతకు నాలుగవ తరగతినుండి పదవ తరగతి వరకు చదివిన చోటు ముఖ్యమగుటచే, ఆయా పాఠశాలల స్టడీ సర్టిఫికెట్లు తెచ్చియుంచుట మేలు.

కొలువు పోయినపుడు

వ్రాతపూర్వకమైన ఉత్తర్వు లేక 'రేపటినుండి రావద్దు' అను మాటతో పంపివేయుట చిన్న సంస్థలలో సామాన్యము. అట్టియెడ పని చేసినట్లు చూపు జీతపు చీటీలు, బ్యాంకు జమలు, హాజరు, గుర్తింపు కార్డు ఛాయలను దాచియుంచినవానికే కార్మికశాఖ వద్ద మాట చెల్లును. 1947 పారిశ్రామిక వివాదముల చట్టమున చేర్చబడిన నియమము ప్రకారము, కనీసము ఏడాది పని చేసిన కార్మికుని రిట్రెంచిమెంటు (తొలగింపు) చేయునప్పుడు నెల నోటీసును, పని చేసిన ప్రతి సంవత్సరమునకు 15 దినముల సగటు వేతనమును ఇవ్వవలసియుండెను. 2025 నవంబరులో అమలునకు వచ్చిన కార్మిక స్మృతులు ఇట్టి చట్టముల స్థానమును పొందినవి గనుక ఆ దినమున అమలులోనున్న నిబంధనను విచారింపవలెను. అయిదేండ్ల సేవకు గ్రాట్యుటీని 1972 చట్టము నిర్దేశించినది.

భవిష్యనిధి సొమ్మును వెంటనే మొత్తముగ తీసికొనుట సాధారణమైన తొందరపాటు. పింఛనుకు 10 సంవత్సరముల సేవ అవసరము. పింఛను భాగమును కూడ తీసికొన్నచో గడచిన సేవ లెక్కలోనుండి పోవును. ఉద్యోగుల రాజ్యబీమాలో చేరియున్నవారికి 2018 నాటి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ పథకము క్రింద 90 దినముల వరకు వేతనములో కొంత భాగము లభించుటకు వీలున్నది. దీనిని ఎరుగక విడిచినవారు అనేకులు.

గృహ వ్యయమున మొదట నిలుపవలసినది క్రొత్త అప్పు. పాడుకొన్న చీటీ వాయిదాలు, తాకట్టు బంగారముపై వడ్డీ, బండి కిస్తీ అనునవి జీతము ఆగినను ఆగవు. వాయిదా తప్పకముందే బ్యాంకువారితో మాటలాడుట, బంగారము వేలమునకు పోవు తేదీని గుర్తుంచుకొనుట, చీటీ పాడనివారైనచో అత్యవసరమునకు పాడుటకంటె బంధువుల చేబదులు చౌకయగునేమో లెక్క చూచుకొనుట అవసరము. స్త్రీల డ్వాక్రా సంఘముల అప్పు తక్కువ వడ్డీకి దొరకును. దానిని భర్త పాత బాకీకి మళ్లించినచో సంఘమంతయు ఇరుకునపడును. విజయవాడ వీధులలో టిఫిన్ బండి, కర్రీ పాయింటు, ఇంటివద్ద మిషను కుట్టు తరచుగ ఇట్టి సమయములందే మొదలగుచుండును. క్రొత్త యూనిటుకు ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకమున 15 నుండి 35 శాతము సబ్సిడీ కలదు. అయినను మొదటి ఆరు నెలల నష్టమును భరించు సొమ్ము చేతనుండవలెను.

ప్రభుత్వ సహాయములు

2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము కుటుంబమునకు ఏటా 100 దినముల పనిని హామీయిచ్చినది. దీని అమలు అనంతపురము జిల్లా బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న ప్రారంభమైనది. దరఖాస్తు ఇచ్చిన 15 దినములలో పని చూపనిచో నిరుద్యోగ భృతి నీయవలెనను నియమముండుటచే, తేదీ వేసిన రసీదును పుచ్చుకొనుట ముఖ్యము; నోటితో పని అడిగినవానికి భృతి అడుగు ఆధారము లేదు. డెల్టాలో పంటకాలువల, మురుగు కోడుల పూడికతీత వేసవి ఖాళీకి సరిపడు పని. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన నూతన చట్టము దీని స్థానమున 125 దినముల హామీని నిర్దేశించినది.

చదివినవారికై 2018 అక్టోబరు 2న ముఖ్యమంత్రి యువనేస్తము పథకమున నెలకు 1,000 రూపాయల భృతి ఆరంభమై, తరువాత 2,000 రూపాయలకు పెరిగి, 2019లో ప్రభుత్వము మారిన పిదప ఆగిపోయినది. అమరావతిలో భూసమీకరణ వలన సేద్యము నిలిచిన 29 గ్రామములలో భూమిలేని కూలి కుటుంబములకు నెలకు 2,500 రూపాయల పింఛను ఏర్పడుట ప్రత్యేకముగ పేర్కొనదగినది: భూమి ఇచ్చినవానికి కౌలు చెల్లించుటతోపాటు, ఆ భూమిపై పని పోయినవానిని కూడ నష్టపోయినవానిగ గుర్తించిన ఏర్పాటు ఇది.

మోసములు

కొలువుకై ముందు సొమ్ము కట్టుమను ప్రతి ప్రకటనను అనుమానింపవలెను. డేటా ఎంట్రీ పని యిచ్చెదమని డిపాజిట్టు గొనుట, 'దొడ్డిదారి' ప్రభుత్వ కొలువు పేర లక్షలు గుంజి నకిలీ నియామక పత్రమిచ్చుట, విజిటింగు వీసాపై గల్ఫునకు పంపుట చిరకాలముగ జరుగుచున్నవి. 1983 వలసల చట్టము క్రింద విదేశీ కొలువు ఏజెంటు నమోదైనవాడై యుండవలెను. నమోదు సంఖ్యను ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టలులో సరిచూచుకొనవచ్చును. కంప్యూటరు కొలువని కంబోడియాకు కొనిపోయి సైబరు మోసములు చేయించిన ముఠాల ఉదంతము 2024లో విశాఖపట్నము పోలీసుల దర్యాప్తులో వెలుగుచూచినది.

మనఃస్థితి, దినచర్య

పెండ్లిండ్లలో ఎదురగు 'ఏం చేస్తున్నావు?' అను ప్రశ్నకు జడిసి శుభకార్యములకు పోవుట మానినవారు, ఉపాధి సమాచారము దొరకు చోట్లకే దూరమగుదురు. నిద్రవేళలు తప్పుట, ఇంటిలో మాటలు తగ్గుట, మద్యము పెరుగుట తొలి లక్షణములు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ 14416 నంబరుకు తెలుగులో మాటలాడవచ్చును. పూర్వము ఉదయమున పత్రికలు చదువుటకు గ్రంథాలయములకు పోవు అలవాటు దినమునకొక ఆకృతి నిచ్చుచుండెను. 1911లో బెజవాడలో నెలకొన్న రామమోహన గ్రంథాలయముననే 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది. వాంటెడ్ కాలమ్ ఉన్న పుట ఒక బల్లనుండి మరియొక బల్లకు చేతులు మారి, మధ్యాహ్నమునకు మడతలు పడి, పెన్సిలు గుర్తులతో నిండియుండుట ఈ ప్రాంతపు పఠనమందిరములలో పరిచితమైన దృశ్యము. నేడు ఆ ప్రకటనలు చాలవరకు వాట్సాప్ గుంపులలో ప్రచారమగుచున్నవి.